ఫుట్‌బాల్ సీటు లైసెన్సు కొనాలా వద్దా: షార్లట్ నుంచి ఒక తెలుగువాడి లెక్క

షార్లట్‌లో ఫిబ్రవరి దాటిందంటే మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ ఖాయం: "పాంథర్స్ పీఎస్‌ఎల్ రెండు సీట్లు అమ్మకానికి ఉన్నాయట, తీసుకోవచ్చా?" పాంథర్స్ అంటే మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, పీఎస్‌ఎల్ అంటే పర్సనల్ సీట్ లైసెన్స్. ఆ మెసేజ్ కింద నలుగురు వివరాలు అడుగుతారు. ఐదోవాడు "మంచి ఇన్వెస్ట్‌మెంట్ అన్నా, వదలొద్దు" అంటాడు. ఆ ఐదోవాడి దగ్గర పీఎస్‌ఎల్ ఉండగా నేనింతవరకూ చూడలేదు.

నా దగ్గర ఉంది. స్టేడియం పై అంతస్తులో, 500 నంబర్ల సెక్షన్లలో రెండు సీట్లు. నాలుగు కుటుంబాలం కలిసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. బ్యాంకులో డేటా పని చేసేవాణ్ని కాబట్టి ఎక్సెల్ తెరవకుండా ఏదీ కొనను. మా ఆవిడ దీన్ని ఒక జబ్బు కింద లెక్కేస్తుంది. కొత్తవాళ్లు అడిగినప్పుడల్లా ఆ షీటు పంపించి, ఫోన్లో గంటసేపు చెప్పేదాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు కొనేదేమిటో తెలియాలి. విజయవాడ బీసెంట్ రోడ్డులో షాపు కావాలంటే ముందు గుడ్‌విల్ ఇచ్చుకోవాలి. అంత ఇచ్చినా షాపు మనది కాదు, నెలనెలా అద్దె వేరే. పీఎస్‌ఎల్ అచ్చంగా అదే. ఒక్కసారి పెద్ద మొత్తం కడితే, ఫలానా సెక్షన్‌లో ఫలానా వరసలో ఫలానా సీటుకి ఏటేటా సీజన్ టికెట్ కొనుక్కునే హక్కు వస్తుంది. టికెట్ రాదు, కొనుక్కునే హక్కు మాత్రమే వస్తుంది. ఏడాదేడాదీ జట్టు చెప్పిన ధరకి టికెట్లు కొంటూ పోవాలి. ఒక్క ఏడాది బిల్లు ఎగ్గొట్టినా, ముందు కట్టిన పెద్ద మొత్తంతో సహా సీటు జట్టు చేతికి వెళ్లిపోతుంది. టికెట్ ధర ఎంత పెంచాలన్నది జట్టు ఇష్టం, మన చేతిలో ఏమీ ఉండదు.

ఈ ఏర్పాటు ఇవాళ అమెరికా అంతా పాకిందంటే దానికి మూలం మా ఊరే. 1993లో షార్లట్‌కి ఎన్‌ఎఫ్‌ఎల్ (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు తేవాలని వ్యాపారి జెర్రీ రిచర్డ్‌సన్ తిరుగుతున్నప్పుడు, స్టేడియానికి డబ్బెలా అన్న ప్రశ్నకి మ్యాక్స్ ముల్‌మన్ అనే ఇక్కడి మార్కెటింగ్ కన్సల్టెంట్ చూపించిన దారి ఇది. జట్టు ఇంకా రాలేదు, స్టేడియానికి పునాది కూడా పడలేదు, అయినా సీట్ల హక్కులు 600 నుంచి 5,400 డాలర్ల దాకా పెట్టి అమ్మారు. జనం ఎగబడి కొన్నారు. ఆ అక్టోబరులో లీగ్ జట్టునిచ్చింది, 1996లో స్టేడియం తెరిచారు. డల్లాస్‌లో పాత టెక్సాస్ స్టేడియానికి అంతకు చాలా ఏళ్ల ముందే బాండ్లు కొన్నవాళ్లకి సీటు హక్కు ఇచ్చిన మాట నిజమే కానీ, తర్వాత వచ్చిన జట్లన్నీ కాపీ కొట్టింది షార్లట్ పద్ధతినే.

ఆ తర్వాత ధరలు ఎక్కడికెళ్లాయో చూడండి. న్యూజెర్సీలో 2010లో తెరిచిన స్టేడియంలో జెయింట్స్ జట్టు 1,000 నుంచి 20,000 డాలర్ల దాకా అడిగింది. శాంటా క్లారాలో ఫార్టీనైనర్స్ 2,000 నుంచి 80,000. డల్లాస్ కౌబాయ్స్ కొత్త స్టేడియంలో మంచి క్లబ్ సీటు లక్షన్నర డాలర్లు పలికింది. మరోవైపు లాస్ ఏంజెలిస్‌లో చార్జర్స్ పై సీట్లని 100 డాలర్లకే ఇచ్చింది, అడిగేవాళ్లు లేక. కాబట్టి "పీఎస్‌ఎల్ కొనొచ్చా" అన్న ప్రశ్నకి ఊరు, జట్టు, సెక్షన్ చెప్పకుండా జవాబు ఉండదు.

ఇన్వెస్ట్‌మెంట్ అనేవాళ్లకి రెండు కథలు

సెయింట్ లూయిస్‌కి 1995లో రామ్స్ జట్టు వచ్చింది. ముప్ఫై ఏళ్ల హక్కని చెప్పి పీఎస్‌ఎల్‌లు అమ్మారు. 2016లో జట్టు పెట్టే బేడా సర్దుకుని మళ్లీ లాస్ ఏంజెలిస్ వెళ్లిపోయింది. కొన్నవాళ్ల చేతిలో తొమ్మిదేళ్లకి పైగా హక్కు మిగిలింది, సీటుంది, స్టేడియముంది, ఆడే జట్టే లేదు. కోర్టుకెళ్లి ఏళ్ల తరబడి తిరిగాక, 2 కోట్ల 40 లక్షల డాలర్ల దాకా ఇచ్చేలా రాజీ కుదిరింది. కట్టినదంతా ఎవరికీ వెనక్కి రాలేదు. ఓక్లాండ్‌లో రైడర్స్ కథ ఇంకోరకం. 1995లో పదేళ్ల గడువుతో అమ్మకానికి పెడితే అనుకున్నంతగా పోలేదు, అప్పు భారం ఊరి మీద పడింది. గడువు తీరాక ఆ పద్ధతే ఎత్తేశారు. అప్పటిదాకా కట్టినవాళ్లూ, ఏమీ కట్టకుండా కొత్తగా వచ్చినవాళ్లూ ఒకే వరసలో కూర్చున్నారు.

కొత్తగా వచ్చిన మరో రకం, రామ్స్ జట్టు లాస్ ఏంజెలిస్‌లో అమ్మినది: 50 ఏళ్ల తర్వాత కట్టిన సొమ్ము తిరిగిస్తారు, వడ్డీ లేకుండా. వినడానికి బాగుంటుంది. ఏడాదికి 3 శాతం చొప్పున ధరలు పెరిగితే, యాభై ఏళ్లకి చేతికొచ్చే డాలరు విలువ ఇవాళ్టి లెక్కలో 23 సెంట్లు. దాన్ని అందుకునేది మన మనవడు.

ధర పెరిగిన సీట్లు లేవా అంటే ఉన్నాయి. జట్టు గెలుస్తూ, వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉన్న ఊళ్లలో మంచి సీట్లకి పెరుగుతుంది. అదే జట్టు మూడేళ్లు వరసగా ఓడితే కొనేవాడు దొరకడు. అమ్మాలని మనకి అనిపించేది కూడా సరిగ్గా అప్పుడే.

అసలు లెక్క

జట్టు వెబ్‌సైట్‌లో ఉండే ధర చూసి నిర్ణయించొద్దు. ఒక్కో మ్యాచ్‌కి నిజంగా ఎంత పడుతోందో తీయాలి. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం, మీ సీటు అంకెలు మీరు వేసుకోండి.

సీటు లైసెన్సు సెకండ్ హ్యాండ్‌లో 2,000 డాలర్లు. ఐదేళ్లు ఉంచుకుని 1,000కి అమ్మారనుకోండి. పోయిన వెయ్యిని ఐదేళ్లకి పంచితే ఏడాదికి 200. ఆ 2,000 సేవింగ్స్‌లో ఉంటే 4 శాతం వడ్డీ వచ్చేది, అది 80. అంటే హక్కు ఖర్చు ఏడాదికి 280. సీజన్ టికెట్ మ్యాచ్‌కి 110 చొప్పున, పది మ్యాచ్‌లకి 1,100.

ఈ పది మ్యాచ్‌ల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 2021 నుంచి లీగ్‌లో ప్రతి జట్టుకీ 17 మ్యాచ్‌లు. అందులో సొంత స్టేడియంలో ఆడేవి ఒక ఏడాది 8, మరుసటి ఏడాది 9. మిగతా ఒకటో రెండో ఆగస్టులో ఆడే, గెలుపోటముల లెక్కలోకి రాని ప్రీసీజన్ మ్యాచ్‌లు. వాటిలో పెద్ద ఆటగాళ్లు బెంచీ మీద కూర్చుని నవ్వుకుంటూ ఉంటారు. వాటికీ మన దగ్గర డబ్బు తీసుకుంటారు. పైగా 9 మ్యాచ్‌ల ఏడాది వచ్చిందని సంబరపడితే ఒకటి విదేశానికి పోవచ్చు. 2024లో పాంథర్స్ ఒక హోమ్ మ్యాచ్‌ని జర్మనీలోని మ్యూనిక్‌లో ఆడింది.

సరే, రెండు ప్రీసీజన్ టికెట్లు అమ్మితే చేతికి చెరో 20 వచ్చిందనుకుందాం. 1,100లో 40 తీస్తే 1,060. దానికి హక్కు ఖర్చు 280 కలిపితే 1,340. మిగిలిన ఎనిమిది మ్యాచ్‌లకీ మీరే వెళితే మ్యాచ్‌కి దాదాపు 168 డాలర్లు. బిల్లు మీద 110 అని కనిపించే సీటు అసలు ధర ఇదీ.

ఇప్పుడు మూడు మ్యాచ్‌లకి వెళ్లలేకపోయారు. జట్టు ఓడుతోంది, ఒక్కోటీ చేతికి 70 వచ్చేలా అమ్మారు. 1,340లో 210 పోతే 1,130. వెళ్లిన ఐదింటికి పంచితే మ్యాచ్‌కి 226! జట్టు బ్రహ్మాండంగా ఆడుతూ ఆ మూడూ 150 చొప్పున పోయినా మ్యాచ్‌కి 178 పడుతుంది. ఎటు చూసినా, అన్నిటికీ వెళ్లేవాడికే చవక. మానేసే ప్రతి ఆదివారం మిగతా ఆదివారాల ధర పెంచుతుంది.

ఈ 168ని దేనితో పోల్చాలి? అదే సెక్షన్‌కి టికెట్‌మాస్టర్, స్టబ్‌హబ్, సీట్‌గీక్ లాంటి యాప్‌లలో విడిగా దొరికే ధరతో. 2025 మే నుంచి ఫీజులన్నీ కలిపిన ధరే ముందుగా చూపించాలని కేంద్ర నిబంధన వచ్చింది కాబట్టి పోల్చడం తేలికైంది. ఒక సీజన్ మొత్తం ఊరికే గమనించండి. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు, ఆ రోజు ఉదయం ధర ఎంతుందో రాసుకోండి. మీ ఊళ్లో సగం మ్యాచ్‌లకి యాప్ ధర మీ అసలు ధరకన్నా తక్కువుంటే ఇక ఆలోచించేదేమీ లేదు. నచ్చిన రోజు, నచ్చిన సీటు, యాప్‌లోనే కొనుక్కోండి. నా మాట అడిగితే గెలవని జట్టున్న ఊళ్లో పీఎస్‌ఎల్ కొనడం కన్నా ఇదే మేలు. మా ఊరు ఏ కోవకి చెందుతుందో మర్యాద కొద్దీ చెప్పను.

మన క్యాలెండర్, వాళ్ల క్యాలెండర్

జట్టు గురించి ఆలోచించినంత మన ఇంటి ఆదివారాల గురించి ఎవరూ ఆలోచించరు. సీజన్ సెప్టెంబరులో మొదలై జనవరి మొదటి వారం దాకా సాగుతుంది. ఎక్కువ మ్యాచ్‌లు ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి. మన పండగలన్నీ ఈ రోజుల్లోనే: వినాయక చవితి, దసరా, దీపావళి. ఇక్కడ ఏ పండగ ఏ వారం వచ్చినా అసోసియేషన్ ఫంక్షన్ శనాదివారాల్లోనే పెడతారు. పిల్లలకి మనబడి తెలుగు క్లాసులు, కూచిపూడి, టెన్నిస్. ఇక డిసెంబరు సెలవులకి ఇండియా వెళ్లేవాళ్లయితే, సీజన్ చివర రెండు మూడు మ్యాచ్‌లు ముందే పోయినట్టు రాసుకోండి. పోయిన ఏడాది క్యాలెండర్ తీసి, అప్పటి హోమ్ మ్యాచ్‌ల తేదీలు దాని మీద పెట్టి చూడండి. నిజంగా ఎన్నిటికి వెళ్లగలిగేవారు? నాకు తెలిసిన ఇళ్లలో నాలుగు దాటిన ఇల్లు అరుదు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఒక మాట. ప్రాజెక్టు మారి ఆరు నెలల్లో ఫీనిక్స్‌కో డల్లాస్‌కో వెళ్లాల్సి రావచ్చు. హక్కు ఇక్కడే ఉండిపోతుంది, బిల్లు మాత్రం మీ ఈమెయిల్ వెతుక్కుంటూ వస్తుంది. అలాగే టికెట్లు అమ్ముకుని లాభం చేద్దామనే ప్లానుంటే, అది వ్యాపారం కిందికి వస్తుందా, మీ వీసాకి ఇబ్బందా అని ముందు లాయర్‌ని అడగండి. వెళ్లలేని ఒకటి రెండు టికెట్లు అమ్ముకోవడం వేరు, అమ్మడానికే కొనడం వేరు.

కొనాలనే అనుకుంటే

జట్టు దగ్గర కొత్తగా కొనకండి. స్టేడియం కొత్తగా కడుతున్న ఊళ్లలో తప్పదు, మిగతాచోట్ల ఆ ధర ఎవరో ఒకరు ఎప్పుడో కట్టేసి, నష్టానికి వదిలించుకోవడానికి ఎదురు చూస్తుంటారు. అలాంటివాళ్ల కోసం ఎస్‌టీఆర్ మార్కెట్‌ప్లేస్ లాంటి సైట్లున్నాయి, కొన్ని జట్లు సొంతంగానూ నడుపుతాయి. అక్కడ అడిగే ధరలు చూసి కంగారు పడొద్దు. అడిగే ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు, మీకు కావాల్సింది రెండోది. సీజన్ టికెట్ బిల్లు గడువు దగ్గరపడే కొద్దీ అమ్మేవాడు మెత్తబడతాడు. ఎందుకంటే అతను ఆ గడువుకి కట్టకపోతే మొత్తం పోతుంది. ఓడిన సీజన్ తర్వాత, గడువుకి రెండు మూడు వారాల ముందు బేరం ఆడండి. క్రెయిగ్స్‌లిస్ట్‌లో, ఫేస్‌బుక్‌లో పరిచయం లేనివాళ్ల దగ్గర కొంటే, జట్టు ఆఫీసు ద్వారా పేరు మారాకే డబ్బు చేతికివ్వండి.

డబ్బు కట్టకముందు ఆ సీట్లో కూర్చోండి. ఆగస్టు ప్రీసీజన్ మ్యాచ్‌కి అదే సెక్షన్‌లో టికెట్ చవగ్గా దొరుకుతుంది, వాటికున్న ఏకైక ప్రయోజనం ఇదే. మా స్టేడియానికి పైకప్పు లేదు. మేం చూసుకోవడానికి వెళ్లిన రోజు ఎండలో ఉన్న ప్లాస్టిక్ సీటు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. పక్క సెక్షన్ మీద మాత్రం నీడ పడి, జనం హాయిగా పాప్‌కార్న్ తింటున్నారు. శాంటా క్లారాలో తూర్పు వైపు సీట్లకి ఇదే పెద్ద ఫిర్యాదు, వేలు పోసి కొన్నవాళ్లు సెప్టెంబరులో సీట్లు వదిలేసి వరండాలో నిలబడేవారు. ఇంకా చూడాల్సినవి: కూర్చుంటే ముందున్న ఇనుప రెయిలింగ్ గోల్ గీతకి అడ్డం వస్తోందా? మెట్ల వారగా ఉంటే, ప్రతి ఐదు నిమిషాలకీ బీరు గ్లాసులతో ఎవరో దాటుతూనే ఉంటారు. వరస నడి మధ్యలో ఉంటే, బాత్రూంకి వెళ్లాలంటే పదిమందిని లేపాలి. పై అంతస్తు మెట్లు నిటారుగా ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్లాలనుకుంటే మోకాళ్ల సంగతి ముందే చూసుకోండి. మా రెండు సీట్లూ మెట్ల నుంచి లోపలికి మూడోది, నాలుగోది. ఎండ రెండో క్వార్టర్‌కి దాటిపోతుంది.

ఒప్పందం కాగితాన్ని ఎవరూ చదవరు. కనీసం వీటి కోసం వెతకండి. హక్కు ఎన్నేళ్లకి, స్టేడియం ఉన్నంతకాలమా, గడువుందా? జట్టు వెళ్లిపోతే, స్టేడియం పడగొడితే ఏమిస్తారు? సాధారణంగా సమాధానం "ఏమీ లేదు" అనే ఉంటుంది, కానీ ఆ సంగతి తెలిసి సంతకం పెట్టాలి. పేరు మార్పుకి ఫీజెంత, ఏ నెలల్లో మారుస్తారు? రిపేర్లు చేస్తే మన సీటు జరిపే అధికారం వాళ్లకుందా? షార్లట్‌లో ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. స్టేడియం బాగుచేతకి 2024లో సిటీ కౌన్సిల్ 65 కోట్ల డాలర్లు ఒప్పుకుంది, మొత్తం ఖర్చు 80 కోట్లు. అంత పని జరిగేచోట వరసలు, నంబర్లు మారొచ్చు. టికెట్లన్నీ అమ్ముకునే ఖాతాలని కొన్ని జట్లు కనిపెట్టి చూస్తాయి, దాని గురించి ఏం రాశారో కూడా చూడండి. ఇంకా, హక్కు ఫుట్‌బాల్‌కే. కాన్సర్టులకి ముందుగా కొనుక్కునే అవకాశం కొన్నిచోట్ల ఇస్తారు, ఉచితంగా మాత్రం కాదు. ప్లేఆఫ్స్ వస్తే మీ సీటు ముందు మీకే ఇస్తారు, దానికీ డబ్బు వేరే.

ట్యాక్స్ విషయం తొందరగా చెప్పేస్తాను. లాభానికి అమ్మితే క్యాపిటల్ గెయిన్ కట్టాలి. సొంత సరదాకి కొన్నది నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని చూపించుకోవడానికి లేదు. కన్సల్టెన్సీ ఉన్న మన అన్నయ్యలు "కంపెనీ ఖర్చులో వేసేద్దాం" అంటుంటారు. క్లయింట్లని మ్యాచ్‌లకి తీసుకెళ్లే వినోదం ఖర్చుకి 2018 నుంచి మినహాయింపు తీసేశారు.

పంచుకోవడం ఎలా

ఇన్ని చెప్పాక మేమెందుకు కొన్నామంటే, నాలుగిళ్లు పంచుకుంటే లెక్క మారుతుంది కాబట్టి. ఒక్కో ఇంటికి రెండు అసలైన మ్యాచ్‌లు. ఏ ఇంటి పండగా ఏ ఇంటి ఇండియా ప్రయాణమూ సీటు ఖాళీగా ఉంచదు, వాడని టికెట్ అమ్ముకోవాల్సిన టెన్షన్ ఉండదు. మే నెల మధ్యలో లీగ్ షెడ్యూల్ రాగానే మా ఇంట్లో టీ పెట్టుకుని చీట్లు వేస్తాం. ఒకటో చీటీ వచ్చినవాళ్లు ముందు ఎంచుకుంటారు, తర్వాత రెండు, మూడు, నాలుగు. రెండో విడత నాలుగు నుంచి వెనక్కి. కౌబాయ్స్ వచ్చే ఏడాది మొదటి చీటీ కోసం పిల్లలకన్నా పెద్దవాళ్లే ఎక్కువ అరుస్తారు. 9 మ్యాచ్‌ల ఏడాది మిగిలినదీ, ప్రీసీజన్‌వీ అమ్మేసి ఆ డబ్బు వచ్చే ఏడాది బిల్లులో కలుపుతాం.

పీఎస్‌ఎల్ ఒక్కరి పేరు మీదే ఉంటుంది కాబట్టి, బంధువులైనా సరే ఒక పేజీ రాసుకుని నలుగురూ సంతకం పెట్టండి. ఎవరు ఎంత పెట్టారు, ఒకరు ఊరు వదిలితే వాళ్ల వాటా ఏ ధరకి ఎవరు తీసుకోవాలి, బిల్లుకి డబ్బు ఏ తారీఖులోగా పంపాలి. మా కాగితంలో ఇంకో షరతు ఉంది: ఎదుటి జట్టు అభిమానులకి సొంత టికెట్ అమ్మకూడదు. అది మా బావ పట్టుబట్టి రాయించాడు, అతను తప్ప ఎవరూ పాటించరు.

బయటపడాలనుకుంటే, జట్టు బాగా ఆడిన సీజన్ ముగిసిన వెంటనే, కొత్త బిల్లు రాకముందే అమ్మకానికి పెట్టండి. బిల్లు వచ్చాక అమ్మితే ఆ ఏడాది టికెట్ల డబ్బు మీరు ముందు కట్టి, కొనేవాడి దగ్గర రాబట్టుకోవాల్సి వస్తుంది. పేరు మార్పు ఫీజు ఎవరు కడతారో బేరం మొదట్లోనే ఈమెయిల్‌లో తేల్చుకోండి.